బెంగళూరు చుట్టుపక్కల చిన్న ఆర్గానిక్ వైనరీలని, వాటి వెనకున్న మనుషుల్ని వెతికి పట్టుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

మేం యలహంకలో ఉంటాం, నంది కొండ వైపు పోయే తెలుగువాళ్ళు తెలిసినవాళ్ళయినా వాళ్ళకి తెలిసినవాళ్ళయినా నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే, "ఇక్కడెక్కడో చిన్న వైనరీలు ఉన్నాయంట కదా, ఆర్గానిక్‌గా చేసేవాళ్ళు, వెళ్తే ఆ మనుషుల్తో మాట్లాడనిస్తారా" అని. ఒక్కొక్కరికీ అరగంట చెప్పడం కంటే మొత్తం వరసగా రాసేస్తే నయం అనిపించింది. ఐదేళ్ళుగా తిరుగుతూ తప్పులు చేసి నేర్చుకున్నవే ఇవన్నీ, ఇందులో ఏ స్టెప్పూ దాటెయ్యకండి, ముఖ్యంగా 2, 6.

మొదలుపెట్టే ముందు: 21 నిండినవాళ్ళే టేస్టింగ్‌కి వెళ్ళండి, వయసు చూపించే గుర్తింపు కార్డు జేబులో పెట్టుకోండి.

1. ఏం వెతుకుతున్నారో ముందు తేల్చుకోండి

చిన్న వైనరీ, చేత్తో చేసిన వైన్, ఆర్గానిక్ వైన్, ఈ మూడూ మూడు వేరే సంగతులు. చిన్నది అయినంత మాత్రాన ఆర్గానిక్ కాదు, తోటలో కూలీలు చేత్తో కోసినా ఆ తోటకి పదిహేనుసార్లు రసాయనాలు కొట్టి ఉండొచ్చు. తోట ఆర్గానిక్ అయినా వైనరీ లోపల పద్ధతి వేరే ఉండొచ్చు.

సర్టిఫికెట్ ఉన్న ఆర్గానిక్ ద్రాక్ష తోటలు మన చుట్టుపక్కల తక్కువ. అది ముందే ఒప్పుకుని వెళ్తే నిరాశ ఉండదు. కాబట్టి మీ వెతుకులాటలో రెండు రకాలవాళ్ళు దొరుకుతారు:

- సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు. కాగితం చూసి తేల్చుకోవచ్చు.
- సర్టిఫికెట్ లేకపోయినా మందులు బాగా తగ్గించినవాళ్ళు. వీళ్ళని మాట్లాడి, తోట చూసి తేల్చుకోవాలి. నా లెక్కలో అసలు పని ఇదే.

ఇంకోటి, కూర్గ్ దారిలో "హోమ్ మేడ్ వైన్" అని బోర్డు పెట్టి అమ్మేవి ఈ లిస్టులోకి రావు. లైసెన్స్ లేదు, లేబుల్ లేదు, అందులో ద్రాక్ష ఎంతో చక్కెర ఎంతో ఎసెన్స్ ఎంతో చెప్పేవాళ్ళు లేరు. దాన్ని ఆర్గానిక్ అనుకుని కొనొద్దు.

2. నెల చూసుకుని వెళ్ళండి

చాలామంది వేసవి సెలవుల్లో వెళ్ళి "ఏముంది, ఎండు కర్రలే కదా" అని వచ్చేస్తారు. ద్రాక్ష తోటకి మన దగ్గర ఏడాదికి రెండు కత్తిరింపులు ఉంటాయి. ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, సెప్టెంబర్-అక్టోబర్‌లో ఇంకోటి. వైన్ ద్రాక్షకి మాత్రం చాలావరకు కాపు ఒక్కటే తీస్తారు, ఆ రెండో కత్తిరింపు తర్వాత వచ్చేది.

- అక్టోబర్, నవంబర్: కొత్త చిగుళ్ళు లేతగా ఉంటాయి, సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాల వాన. బూజు తెగులు పడేది ఈ రోజుల్లోనే. తోట యజమాని అసలు రంగు తెలిసేది కూడా ఇప్పుడే.
- డిసెంబర్, జనవరి: కాయ రంగు తిరుగుతుంది. తోట అందంగా ఉంటుంది, మనుషులకి కాస్త తీరిక ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదే మంచిది.
- జనవరి ఆఖరు నుంచి మార్చి, ఒక్కోచోట ఏప్రిల్: కోత. తెల్లవారుజామున కోసి ఎండెక్కేలోపు వైనరీకి చేరుస్తారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, వాళ్ళే పిలిస్తే తప్ప వెళ్ళకండి.
- మే నుంచి ఆగస్టు: తోటలో చూసేది తక్కువ, సెల్లార్‌లో, అంటే వైన్ తయారుచేసి నిల్వ పెట్టే చోట, వైన్ చేసే మనిషి మాత్రం దొరుకుతారు.

డ్రై డే, అంటే మద్యం అమ్మకూడని రోజు, ఉందేమో కూడా చూసుకోండి. ఆగస్టు 15, అక్టోబర్ 2, ఎన్నికల రోజులు. ఒకసారి పోలింగ్ ముందు రోజు నలుగురం కలిసి వెళ్ళి గేటు దగ్గర నుంచే తిరిగొచ్చాం, తప్పు మాదే.

3. లిస్ట్ తయారు చేసుకోవడం

మొదట ఒక పెద్ద వైనరీ చూడండి. చిన్నవి చూద్దామని వచ్చినవాళ్ళకి పెద్దదెందుకు అంటారా, పోల్చుకోడానికి ఒక కొలత కావాలి కదా. దొడ్డబళ్ళాపుర దగ్గర రఘునాథపురలో గ్రోవర్ ఉంది, 1988లో మొదలైంది, ఈ ప్రాంతంలో పాతది. అక్కడ క్రషర్, స్టీల్ ట్యాంకులు, బ్యారెల్ గది ఒక్కసారి చూస్తే తర్వాత చిన్న చోట ఏం ఉంది ఏం లేదు అన్నది మీకే తెలుస్తుంది. మాకళిదుర్గ వైపు సోమా, నంది దగ్గర ఎస్‌డియు కూడా ఈ చుట్టుపక్కలవే. వీటిని ఆర్గానిక్ అని చెప్పట్లేదు, ఏరియా అర్థమవడానికి చెప్తున్నా.

ఆ తర్వాత చిన్నవాళ్ళని వెతికే దారులు:

- సీసా వెనక్కి తిప్పడం. బెంగళూరులో వైన్ మాత్రమే అమ్మే బొటీక్ షాపులు ఉన్నాయి, మన ఊళ్ళో "వైన్స్" అంటే వచ్చే బ్రాందీ షాపు కాదు. అక్కడ తెలియని పేర్లున్న సీసాలు తీసి వెనక లేబుల్ మీద తయారీ, బాట్లింగ్ అడ్రస్ చదవండి. బ్రాండ్ అడ్రస్ ఒకటి, బాట్లింగ్ చేసిన చోటు ఇంకోటి అయితే వాళ్ళు వేరేవాళ్ళ వైనరీలో చేయించుకుంటున్నారని అర్థం. అది తప్పు కాదు, కానీ మీరు ఎక్కడికి వెళ్ళాలో మారిపోతుంది.
- మేళాలు. జికెవికెలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) కృషి మేళా, హెసరఘట్టలో ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ తోటల మేళా, వేసవి ముందు హాప్‌కామ్స్ (పండ్లు, కూరగాయల రైతుల సహకార సంఘం) ద్రాక్ష-పుచ్చకాయ మేళా, కర్ణాటక వైన్ బోర్డ్ పెట్టే వైన్ ఉత్సవాలు. వైన్ ఉత్సవంలో స్టాల్ వెనక సేల్స్ కుర్రాళ్ళు కాకుండా ఓనరే నిలబడి పోస్తుంటే ఆ పేరు రాసుకోండి.
- ద్రాక్ష రైతులు. మన తెలుగువాళ్ళకి ఉన్న పెద్ద వీలు ఇదే. చిక్కబళ్ళాపుర, చింతామణి, బాగేపల్లి, కోలారు వైపు రైతుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "అన్నా, ఈ ద్రాక్ష ఏ వైనరీకి పోతాది" అని తెలుగులో అడిగితే ఇంగ్లీషులో అడిగినప్పుడు రాని జవాబులు వస్తాయి.

లిస్టులో ఐదారు పేర్లు చాలు. వైన్ చేసే తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంటారు, ఉన్నారు, హంపి కొండల వైపు క్రిష్మా ఎస్టేట్స్ పెట్టింది హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు, ఇద్దరి పేర్లు కలిపే ఆ పేరు పెట్టారు. కానీ అది బెంగళూరు నుంచి ఒక్క రోజులో వెళ్ళొచ్చే దూరం కాదు.

4. ఫోన్ చేసి అడగాల్సినవి

చెప్పకుండా వెళ్ళొద్దు. చిన్నచోట్ల గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. వారం ముందు, పొద్దున పదకొండు తర్వాత ఫోన్ చేయండి, అంతకుముందు తోట పనిలో ఉంటారు.

- తోట మీదేనా, లేక ద్రాక్ష బయట కొంటారా?
- వైన్ చేసేవాళ్ళు ఆ రోజు ఉంటారా?
- తోటలోకి నడవనిస్తారా, సెల్లార్ వరకేనా?
- టేస్టింగ్‌కి ఎంత తీసుకుంటారు, ఎన్ని రకాలు?
- అక్కడే సీసాలు అమ్మే లైసెన్స్ ఉందా?

"మీరు ఆర్గానికా?" అని ఫోన్‌లో అడగొద్దు. అందరూ అవుననే అంటారు, పైగా పరీక్ష పెట్టడానికి వస్తున్నారనుకుని ముడుచుకుపోతారు. ఆ ప్రశ్న తోటలో, వేరే రూపంలో అడగాలి.

5. వెళ్ళే రోజు

రోజుకి రెండు వైనరీలు, అంతే. నేను మొదట్లో నాలుగు పెట్టుకున్నాను, మూడోదానికి నాలుక మొద్దుబారిపోయింది, నాలుగో చోట ఆ పెద్దాయన ఎంతో ఓపిగ్గా చెప్పిందేమీ బుర్రకెక్కలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

శని, ఆదివారాలు నంది కొండ ట్రాఫిక్ భయంకరం, వీలైతే వారం మధ్యలో సెలవు పెట్టండి. దొడ్డబళ్ళాపుర వైపైతే యలహంక, రాజానుకుంటె మీదుగా, చిక్కబళ్ళాపుర వైపైతే ఎయిర్‌పోర్ట్ రోడ్డు పట్టుకుని దేవనహళ్ళి దాటి.

- తాగని డ్రైవర్ తప్పనిసరి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. టేస్టింగే కదా అని లెక్క వేసుకోవద్దు.
- ఇడ్లీనో ఉప్మానో తిని బయల్దేరండి. ఖాళీ కడుపు వద్దు, కారం ఎక్కువున్న ఊరగాయ, పాన్, మింట్ గోళీలూ వద్దు.
- అత్తరు, సెంటు కొట్టుకోవద్దు. మీకే కాదు పక్కవాళ్ళకీ వాసన తెలియదు.
- మట్టిలో నడిచే చెప్పులు, నీళ్ళు, చిన్న నోట్‌బుక్.
- సీసాలకి థర్మోకోల్ పెట్టె.

6. తోటలో: ఎవర్ని అడగాలి, ఏం చూడాలి

ఇక్కడ గంట పట్టినా పర్లేదు. ఓనర్ మాట్లాడాక, పర్మిషన్ అడిగి, తోట మేస్త్రీతోనో కత్తిరింపు చేసే వాళ్ళతోనో మాట్లాడండి. పందిరి కింద రోజంతా ఉండేది వాళ్ళే, ఏ తీగకి ఏమైందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అడగాల్సిన మొదటి ప్రశ్న: "పోయిన అక్టోబర్‌లో వానలప్పుడు ఎట్లా నెట్టుకొచ్చారు?"

ఇది నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న. వానలో లేత చిగురుకి బూజు తెగులు రాకుండా ఉండదు. నిజంగా ఆర్గానిక్ చేసేవాళ్ళ దగ్గర పెద్ద కథ ఉంటుంది. ఆకులు తుంచి గాలి ఆడేలా చేశాం, బోర్డో మందు కొట్టాం, రెండెకరాలు పోయింది, ఇలా. "మాకు తెగులే రాదండీ" అన్నారంటే జాగ్రత్త. దొడ్డబళ్ళాపుర దగ్గర ఒక మేస్త్రీ నాతో అన్నమాట, "వాన పట్టుకున్నాక బోర్డో కొట్టకుంటే ఆకు కూడా మిగల్దు సార్, మీకు అబద్ధం చెప్పి నాకేమొస్తాది". ఆయన మాట నమ్మి ఆ వైనరీ సీసాలు ఇప్పటికీ కొంటున్నా.

ఇక్కడ చాలామంది తప్పు అర్థం చేసుకునే విషయం ఒకటుంది. ఆర్గానిక్ అంటే ఏమీ కొట్టరని కాదు. బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం, నీళ్ళు కలిపింది, ఆర్గానిక్‌లో పరిమితంగా ఒప్పుకుంటారు. 1 శాతం మిశ్రమం అంటే 100 లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. బూడిద తెగులుకి గంధకం, పురుగుకి వేప నూనె కూడా అంతే. కానీ రాగి నేలలో పేరుకుపోతుంది, అందుకే యూరప్‌లో ఆర్గానిక్ తోటకి ఏడేళ్ళకి కలిపి హెక్టారుకి 28 కిలోల రాగి మించకూడదని రూల్. కాబట్టి "కొడతారా" అని కాదు "ఏడాదికి ఎన్నిసార్లు, ఎంత" అని అడగండి. తెలుగులో అడిగేటప్పుడు ఒక చిన్న సంగతి, "మందు కొడతారా" అంటే రెండు అర్థాలొస్తాయి కాబట్టి "తోటకి ఏమేం మందులు వాడతారు" అనండి.

కళ్ళతో చూడాల్సినవి:

- వరసల మధ్య గడ్డి, పప్పుజాతి పచ్చిరొట్ట ఉందా, లేక గడ్డిమందు కొట్టినట్టు ఎర్రగా మాడిపోయి ఉందా.
- ఎరువుల కుప్ప, ఆవులు, జీవామృతం డ్రమ్ములు. డ్రమ్ము ఉంటే మూత తీసి చూపించమనండి. ఎండిపోయి సాలెగూడు కట్టి ఉంటే అది చూపించడానికి పెట్టిందే.
- స్టోర్ రూమ్. ఆర్గానిక్ అని గట్టిగా చెప్పిన ఒకచోట స్టోర్ తలుపు వెనకే యూరియా సంచులు చూశాను. గొడవ పెట్టుకోలేదు, సీసా కొనలేదు అంతే.
- పక్క పొలం. పక్కవాళ్ళు కొట్టే మందు గాలికి ఇటు రాకుండా మధ్యలో చెట్ల వరసో కంచె మొక్కలో ఉన్నాయా.
- స్ప్రే రిజిస్టర్. తేదీ, ఏం కొట్టారు, ఎంత, ఇవన్నీ చేత్తో రాసిన పుస్తకం. అడగ్గానే తెచ్చిస్తే మంచి గుర్తు.

ఏ రకం ద్రాక్షో కూడా అడగండి. బెంగళూరు బ్లూ అయితే అది ఈ ప్రాంతం సొంతం, జిఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది, మచ్చ తెగులు తట్టుకుంటుంది కానీ బూజు తెగులు మాత్రం దానికీ వస్తుంది. దాంతో ఎక్కువగా తియ్యటి పోర్ట్ తరహా వైన్ చేస్తారు. షిరాజ్, కాబర్నే, సావిన్యోన్ బ్లాంక్ లాంటివి ఇంకా సున్నితం, వాటిని మందులు తగ్గించి పెంచుతున్నారంటే నిజంగా కష్టపడుతున్నట్టే.

సర్టిఫికెట్ ఉందంటే:

- స్కోప్ సర్టిఫికెట్ చూపించమనండి. అందులో ఇచ్చిన సంస్థ పేరు, పంట, విస్తీర్ణం, చెల్లే తేదీ ఉంటాయి.
- "మార్పిడిలో ఉంది" (ఆర్గానిక్‌కి ఇంకా మారుతోంది) అని ఉందా, పూర్తి ఆర్గానిక్ అని ఉందా. ద్రాక్ష లాంటి ఏళ్ళపాటు ఉండే పంటకి మార్పిడి కాలం 3 ఏళ్ళు.
- ద్రాక్షకి మాత్రమే ఉందా, వైన్ తయారీకి కూడా ఉందా. చాలామంది ఇది చూడరు.
- సీసా మీద ఇండియా ఆర్గానిక్ గుర్తు ఉందా.

7. సెల్లార్‌లో

ఇది త్వరగా అయిపోతుంది. వైన్ చేసే మనిషిని మూడు అడగండి. ఈస్ట్ ప్యాకెట్‌దా, తోటలో ఉన్నదానితోనే పులియబెడతారా. చక్కెర, యాసిడ్ కలుపుతారా. సల్ఫైట్ (వైన్ చెడిపోకుండా వేసేది) ఎప్పుడు, ఎంత వేస్తారు.

సల్ఫైట్ పేరు వినగానే భయపడొద్దు. పులిసేటప్పుడు ఈస్టే కాస్త తయారు చేస్తుంది, అస్సలు లేని వైన్ ఉండదు. యూరప్ ఆర్గానిక్ రూల్‌లో కూడా డ్రై (తీపి లేని) రెడ్‌కి లీటరుకి 100, వైట్‌కి 150 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటారు. అమెరికాలో "ఆర్గానిక్ వైన్" అని రాయాలంటే మాత్రం విడిగా కలపకూడదు. నంబర్ టక్కున చెప్పగలిగితే ఆ మనిషి తన వైన్‌ని కొలుస్తున్నారని అర్థం.

నేల కడిగి ఉందా, వెనిగర్ వాసన వస్తోందా, ట్యాంకుల మీద తేదీలు రాసి ఉన్నాయా చూడండి. ఒక బ్యారెల్ అంటే 225 లీటర్లు, 300 సీసాలు. "మీ దగ్గర ఎన్ని బ్యారెల్స్" అంటే వాళ్ళు ఎంత చిన్నవాళ్ళో లెక్క తేలిపోతుంది.

8. రుచి చూడటం

వైట్ ముందు, రెడ్ తర్వాత, తియ్యటిది చివర. ఒక్కో గ్లాసులో 30 మిల్లీలీటర్లు చాలు. ఉమ్మడానికి పాత్ర అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

పుస్తకాల్లో ఉండే విదేశీ పండ్ల పేర్లు గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. మన నాలుకకి తెలిసిన మాటలు చాలు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసే వగరు ఉంది చూడండి, రెడ్‌లో టానిన్ అంటే అదే. షిరాజ్‌లో మిరియాలు, చెనిన్ అనే తెల్ల ద్రాక్ష వైన్‌లో జామ, సావిన్యోన్‌లో పచ్చిమామిడి దొరకొచ్చు. దొరక్కపోతే దొరకలేదని చెప్పండి, చేసినవాళ్ళకి ఆ మాటే ఎక్కువ పనికొస్తుంది.

తేడా ఉంటే గుర్తుపట్టేది ఇలా:

- వెనిగర్, నెయిల్ పాలిష్ వాసన: చెడిపోతోంది.
- తడిసిన అట్టపెట్టె వాసన: కార్క్ దోషం. ఇంకో సీసా తెరవమనండి.
- కుళ్ళిన గుడ్డు వాసన: గ్లాసు బాగా తిప్పండి, కొన్నిసార్లు పోతుంది. పోకపోతే వదిలెయ్యండి.
- కాస్త మబ్బుగా ఉండటం: ఫిల్టర్ చేయని వైన్‌లో మామూలే.

"ఆర్గానిక్ కాబట్టి ఇలాగే ఉంటుంది" అని వెనిగర్ వాసన వచ్చేదాన్ని సమర్థించుకోవడం విన్నాను. ఒప్పుకోవద్దు. శుభ్రంగా చేసిన ఆర్గానిక్ వైన్ శుభ్రంగానే ఉంటుంది.

9. కొనడం, ఇంటికి తేవడం, దాచడం

మొదటిసారి ఒకే రకం రెండు సీసాలు కొనండి. ఒకటి ఆ నెలలో, ఇంకోటి ఆరు నెలల తర్వాత తెరవండి, ఆ మనిషి పనితనం అప్పుడు తెలుస్తుంది. బిల్లు తీసుకోండి.

మార్చి ఎండలో కారు డిక్కీలో నాలుగు గంటలు వదిలేసి మూడు మంచి సీసాలు పాడు చేసుకున్నాను, కార్క్ పైకి ఉబికి వచ్చింది, లోపల ఉడికిన జామ్ రుచి. సీసాలు థర్మోకోల్ పెట్టెలో, కారు లోపల, ఏసీ తగిలేలా పెట్టండి. ఇంట్లో వంటగది అటక మీద కాదు, చీకటిగా చల్లగా ఉండే బీరువా అడుగున, కార్క్ ఉన్నవి పడుకోబెట్టి.

బాగేపల్లి దాటి అనంతపురం, హిందూపురం వైపు ఊరికి తీసుకెళ్దామనుకుంటే ఆంధ్రా ఎక్సైజ్ రూల్ ముందే కనుక్కోండి. చెక్‌పోస్ట్‌లో సీసాలు పోవడం ఒక ఎత్తు, కేసు ఇంకో ఎత్తు.

10. మళ్ళీ వెళ్ళడం

ఒక్కసారి వెళ్ళొస్తే మీరు టూరిస్టే. రెండోసారి వెళ్తే పేరు పెట్టి పిలుస్తారు, మూడోసారికి ట్యాంక్ నుంచి నేరుగా పోసిస్తారు.

- కొన్న సీసా తెరిచిన రోజు నచ్చిందో లేదో ఒక మెసేజ్ పెట్టండి. నచ్చకపోతే ఎందుకో కూడా రాయండి.
- తోటలో తీసిన ఫోటోలు మేస్త్రీకి, కోత అక్కలకి పంపండి. వాళ్ళ ఫోటోలు అడక్కుండా ఎక్కడా పెట్టొద్దు.
- ధర బేరం ఆడొద్దు. 750 మిల్లీలీటర్ల సీసాకి కిలో పైనే ద్రాక్ష పడుతుంది, మందులు తగ్గించిన తోటలో దిగుబడి ఎప్పుడూ తక్కువే.
- అక్టోబర్‌లో పెద్ద వాన పడిన మర్నాడు ఫోన్ చేసి తోట ఎట్లా ఉందని అడగండి. కోతకి రమ్మనే పిలుపు నాకు వచ్చింది అలా ఫోన్ చేసిన ఏడాదే, ఫిబ్రవరిలో పొద్దున నాలుగున్నరకి తలకి లైటు కట్టుకుని, చేతిలో కత్తెర పట్టుకుని, వాళ్ళతోపాటు రెండు వరసలు కోశాను.

ఆ పిలుపు వస్తే వెళ్ళేటప్పుడు పాత ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, తేనెటీగలు ఉంటాయి. అందరికీ సరిపడా టిఫిన్ కట్టించుకుని వెళ్ళండి, కోత ఆపి తినేది ఎనిమిదింటికి.